అయానిక్ ద్రవంతో పీవీసీ పొర: ల్యాబులో పోయడం, రంగు నీళ్ళ మీద పరీక్షించడం

నల్గొండలో నీళ్ళకి సంబంధించి ఏ కొత్త వస్తువు పేరెత్తినా ముందొచ్చే ప్రశ్న ఒకటే: "సార్, దీంతోని ఫ్లోరైడ్ పోతదా?" అడగడంలో తప్పేం లేదు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం వైపు వంకర తిరిగిన కాళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళు ఇంకేం అడుగుతారు? అందుకే జవాబు మొదటే చెప్పేస్తున్నా. ఇక్కడ చెప్పబోయే పొరతో ఫ్లోరైడ్ పోదు. కొన్ని రకాల రంగులు పోతాయి, థయోసైనేట్ (బంగారు గనుల వ్యర్థ జలాల్లో ఉండే అయాన్) పోతుంది, ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో క్యాన్సర్ తెచ్చే రూపం) పోతుంది, నైట్రేట్ కొంతవరకు పోతుంది. ఫ్లోరైడ్ మాత్రం కదలదు. ఎందుకు కదలదో మీ చేత్తో మీరే చేసి చూసుకునేలా ఈ పద్ధతి రాస్తున్నా. ఎమ్మెస్సీ ప్రాజెక్టు వాళ్ళకి, డిగ్రీ చివరి ఏడాది వాళ్ళకి సరిపోతుంది. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే గాలిపెట్టె) లేని ల్యాబులో మాత్రం మొదలుపెట్టకండి. మీ కాలేజీలో లేకపోతే గైడుతో మాట్లాడి, ఉన్నచోట అనుమతి తీసుకోండి.

ముందు పొర సంగతి

అయానిక్ ద్రవం అంటే ఉప్పే. కాకపోతే మన వంటింటి ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరిగితే, ఇవి వంద డిగ్రీల లోపే కరిగి ద్రవంగా ఉంటాయి. 1914లో పాల్ వాల్డెన్ ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ అనే ఉప్పు 12 డిగ్రీలకే కరుగుతుందని రాశాడు. ఈ శాస్త్రానికి మొదలు అదేనని చెప్పుకుంటారు. మనం వాడబోయేది అలిక్వాట్ 336. నైట్రోజన్ చుట్టూ మూడు పొడుగాటి కొవ్వు తోకలు, ఒక మిథైల్, పక్కన జతగా ఒక క్లోరైడ్. తోకలు పొడుగు కాబట్టి నీళ్ళలో దాదాపు కరగదు, పీవీసీలో మాత్రం చక్కగా కలిసిపోతుంది. గది వేడిమి దగ్గర ఆముదంలా చిక్కగా జారుతుంది.

పీవీసీని, దీన్ని ఒకే ద్రావకంలో కరిగించి గాజు పళ్ళెంలో పోసి ఆరబెడితే, ద్రావకం ఎగిరిపోయి పారదర్శకమైన పల్చటి పొర మిగులుతుంది. దీన్నే పాలిమర్ ఇన్‌క్లూజన్ మెంబ్రేన్ అంటారు. వాటర్ ప్లాంటుల్లో ఉండే ఆర్వో మెంబ్రేన్‌కీ దీనికీ పోలిక లేదు. అక్కడ పంపుతో ఒత్తిడి పెట్టి నీళ్ళని అవతలికి తోస్తారు. ఇక్కడ నీళ్ళు ఎక్కడికీ పోవు. నీళ్ళలో ఉన్న రుణ అయాన్ (మైనస్ ఛార్జి ఉన్న కణం) పొరలోకి వస్తుంది, దాని బదులు పొరలోని క్లోరైడ్ బయటికి పోతుంది. ఉన్నదంతా ఆ మారకమే.

అయానిక్ ద్రవాన్నే పాలిమర్‌గా మార్చి పొర చేసే దారి ఇంకొకటి ఉంది. వినైల్ ఇమిడజోలియం లవణాల్లాంటి వాటిని తీసుకుని, వినైల్ గుంపుల్ని గొలుసుగా కలిపి, అడ్డంగా బంధాలు వేస్తారు. అందులో ధన అయాన్ గొలుసుకే అతుక్కుని ఉంటుంది కాబట్టి నీళ్ళలోకి కారిపోదు. చెప్పాలంటే అదే మేలైన పద్ధతి. కానీ మోనమర్ (గొలుసులో కలిసే విడి అణువు) తయారీ, ఆక్సిజన్ తగలకుండా పాలిమరైజ్ చేయడం, మిగిలిపోయిన మోనమర్‌ని కడిగి తీసేయడం, ఇవన్నీ ఒక సెమిస్టర్‌లో తేలే పనులు కావు. పీవీసీ పొర రెండు మూడు రోజుల్లో చేతికొస్తుంది. సూత్రం రెండింటికీ ఒకటే. ముందు ఇది చేయండి.

ఏమేం కావాలి

పీవీసీ పొడి, ఎక్కువ అణుభారం ఉన్నది, ల్యాబు సరుకు అమ్మేవాళ్ళ దగ్గర తీసుకోండి. బోరు పైపు ముక్క తురిమి వాడొచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. పైపులో పీవీసీ ఒక్కటే ఉండదు. సున్నపురాయి పొడి, వేడికి చెడకుండా కలిపే స్టెబిలైజర్లు, రంగు, ఇంకా ఏవేవో ఉంటాయి. పొర పనిచేసినా చేయకపోయినా కారణం ఏమిటో చెప్పలేరు.

ద్రావకం టెట్రాహైడ్రోఫ్యూరాన్, ల్యాబుల్లో టీహెచ్ఎఫ్ అంటాం. పీవీసీ పైపులు అతికించే సొల్యూషన్ మూత తీయగానే గుప్పున కొట్టే వాసనలో దీనికీ వాటా ఉంది. 66 డిగ్రీలకే మరుగుతుంది. దాని ఆవిరి సున్నా కన్నా తక్కువ వేడిమి దగ్గర కూడా నిప్పు రవ్వకి అంటుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. తెరిచిన సీసాలో గాలి తగిలి నెమ్మదిగా పెరాక్సైడ్లు పుడతాయి. అవి పేలే సరుకు. కాబట్టి సీసా మీద తెరిచిన తేదీ రాసిపెట్టి ఉందో లేదో ముందు చూడండి. తేదీ లేని పాత సీసాని ముట్టుకోకండి, ల్యాబు ఇన్‌ఛార్జికి చెప్పండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుంటే సరిపోతుందనుకునేరు. టీహెచ్ఎఫ్ వాటిలోంచి చాలా తొందరగా దూరి వస్తుంది. చేతి మీద ఒలికితే వెంటనే గ్లవ్ తీసి పారేసి చేయి కడుక్కోండి.

వీటికి తోడు అలిక్వాట్ 336 చిన్న సీసా, 9 సెంటీమీటర్ల గాజు పెట్రీ డిష్‌లు మూడు నాలుగు, ఫిల్టర్ పేపర్, మాగ్నెటిక్ స్టిరర్, మిల్లీగ్రాము దాకా తూచే త్రాసు, స్పిరిట్ లెవెల్, మిథైల్ ఆరెంజ్, మిథిలీన్ బ్లూ అనే రంగులు, సోడియం ఫ్లోరైడ్, రంగు గాఢత కొలిచే కలరీమీటర్ లేదా స్పెక్ట్రోఫోటోమీటర్. పెట్రీ డిష్ గాజుదే కావాలి. మైక్రోబయాలజీ వాళ్ళ దగ్గర ఉండే పారదర్శక ప్లాస్టిక్ డిష్ తెచ్చి పోశారా, టీహెచ్ఎఫ్ ఆ డిష్‌నే కరిగించేస్తుంది, పొరా డిష్షూ కలిసి ఒకే ముద్దవుతాయి.

లెక్క

ఒక డిష్‌కి మొత్తం సరుకు 800 మిల్లీగ్రాములు. అందులో పీవీసీ 560, అలిక్వాట్ 240. అంటే 70కి 30 పాళ్ళు. అలిక్వాట్ మరీ తగ్గిస్తే అయాన్లు పొరలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలడానికి దారి ఉండదు, పొర ఉత్త ప్లాస్టిక్ కాగితంలా పడి ఉంటుంది. సగం దాటిస్తే జిగటగా తయారై చేతికి అంటుకుంటుంది, నీళ్ళలోకి కూడా ఎక్కువ కారుతుంది. 30 నుంచి 40 శాతం మధ్య ఉంటే పని సాఫీగా నడుస్తుంది. విడిగా ప్లాస్టిసైజర్ అక్కర్లేదు, అలిక్వాటే పీవీసీని మెత్తబరుస్తుంది.

మందం ఎంత వస్తుందో ముందే లెక్కేసుకోవచ్చు. పీవీసీ సాంద్రత 1.4, అలిక్వాట్‌ది 0.88. ఘనపరిమాణాలు 0.40, 0.27, కలిపితే సుమారు 0.67 ఘన సెంటీమీటర్లు. డిష్ వైశాల్యం 63.6 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే 0.0106 సెంటీమీటరు, అంటే దాదాపు 106 మైక్రాన్లు. పొర వచ్చాక స్క్రూగేజ్‌తో నడిమిలో ఒకచోట, అంచుల్లో నాలుగుచోట్ల కొలిచి ఈ అంకెతో పోల్చండి. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉంటే మీ బల్ల వాలుగా ఉందని అర్థం.

పొర పోయడం

ఫ్యూమ్ హుడ్‌లో 100 మిల్లీలీటర్ల బీకరులో 15 మిల్లీలీటర్ల టీహెచ్ఎఫ్ తీసుకుని స్టిరర్ మీద పెట్టండి. ద్రవం తిరుగుతుండగా పీవీసీ పొడిని చిటికెడు చిటికెడు చల్లండి. ఒక్కసారే గుమ్మరిస్తే పైన నాని లోపల పొడిగా ఉండే ఉండలు కడుతుంది, ఆ ఉండలు కరిగేసరికి పొద్దు గూకుతుంది. బీకరు మీద వాచ్‌గ్లాస్ మూసి, గంట రెండు గంటలు తిప్పండి. తొందరపడి వేడి చేయకండి. మంట సంగతి సరేసరి, హాట్‌ప్లేట్ కూడా వద్దు. ద్రవం అద్దంలా తేటబడితే కరిగినట్టు.

ఇప్పుడు అలిక్వాట్. దీన్ని పిపెట్‌తో కొలవడానికి ప్రయత్నించకండి. సగం పిపెట్ గోడకే పట్టి ఉంటుంది. చిన్న బీకరుని త్రాసు మీద పెట్టి, సున్నా చేసి, డ్రాపర్‌తో బొట్టు బొట్టుగా వేస్తూ 240 మిల్లీగ్రాముల దగ్గర ఆపండి. కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు, ఎంత వేశారో అంత రాసుకోండి. రెండు మూడు మిల్లీలీటర్ల టీహెచ్ఎఫ్‌తో దాన్ని పల్చన చేసి పీవీసీ ద్రావణంలో కలిపి, బీకరుని ఇంకో రెండు బొట్లతో కడిగి అదీ పోసేయండి. అరగంట తిప్పండి. తిప్పడం ఆపాక పది నిమిషాలు కదపకుండా ఉంచితే గాలి బుడగలు పైకొచ్చి పోతాయి.

డిష్‌ని స్పిరిట్ లెవెల్‌తో సమంగా సర్దండి. వంకర ఉంటే కింద కాగితపు మడత పెట్టండి. ద్రావణం మెల్లగా, నడిమిలో పోయండి. మీద ఫిల్టర్ పేపర్ కప్పి, దానిపైన ఒక పెద్ద బీకరు బోర్లించండి, అంచు కింద సన్నటి పుల్ల పెట్టి కొద్దిగా సందు ఉంచండి. ద్రావకం ఎంత నెమ్మదిగా పోతే పొర అంత బాగా వస్తుంది. ఒక రోజు నుంచి రెండు రోజులు.

మన ఊరి వాతావరణం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే వేరేచోట్ల ఏసీ ల్యాబుల్లో రాసిన పద్ధతులు ఇక్కడ ఉన్నదున్నట్టు నడవవు. నల్గొండలో మే నెలంటే మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు మామూలు. ఆ వేడిలో టీహెచ్ఎఫ్ ఎగిరిపోయే వేగానికి ద్రావణం పైభాగం ముందే తోలు కట్టేస్తుంది, కింద ఉన్న ద్రావకం బయటికి రాలేక బుడగలు, ముడతలు తెస్తుంది. ఎండాకాలంలో తెల్లవారుజామున పోయండి, మూత గట్టిగా వేయండి, ఫ్యూమ్ హుడ్ గాలి డిష్ మీద నేరుగా తగలకుండా చూడండి. వానాకాలంలో చిక్కు వేరు. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పొర ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. టీహెచ్ఎఫ్ నీళ్ళతో కలుస్తుంది, పీవీసీ కలవదు. దాంతో పీవీసీ అక్కడక్కడా విడిపోయి పొర మీద పాలు ఒలికినట్టు తెల్ల మచ్చలు వస్తాయి. ముసురు పట్టిన రోజు పని వాయిదా వేసుకోండి. తప్పకపోతే, సిలికాజెల్ గిన్నె పక్కన పెట్టి రెండింటినీ కలిపి పెద్ద డబ్బాతో మూయండి. నన్నడిగితే పొర పోయడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న కాలం మంచిది.

ఆరాక అంచు దగ్గర రెండు చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేసి, ఫోర్‌సెప్స్‌తో మెల్లగా లేపితే పొర చెక్కుచెదరకుండా వస్తుంది. బాగా వచ్చిన పొరని పుస్తకం మీద పెడితే కింది అక్షరాలు చదవగలగాలి. వేళ్ళ మధ్య వంచితే విరగకూడదు, వదిలితే మళ్ళీ చదునుగా కావాలి. ఉపరితలం మీద నూనె తడి కనిపిస్తే అలిక్వాట్ ఎక్కువైంది.

ఇదే రోజున, ఇదే సీసాల్లోంచి ఇంకో పొర కూడా పోయండి. అందులో అలిక్వాట్ లేకుండా ఉత్త పీవీసీ 560 మిల్లీగ్రాములు. ఇది మీ పోలిక పొర. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇది కనిపించదు. అది లేకుండా రంగుని పట్టింది అయానిక్ ద్రవమా, పీవీసీయా అన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండదు, వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

రంగు నీళ్ళ మీద మొదటి పరీక్ష

మిథైల్ ఆరెంజ్ 100 మిల్లీగ్రాములు ఒక లీటరులో కరిగించండి. దాన్ని పదింతలు పల్చన చేస్తే లీటరుకి 10 మిల్లీగ్రాముల ద్రావణం. అలాగే 2, 4, 6, 8 కూడా చేసి 464 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటున్నాయో కొలిచి, గాఢతకి ఎదురుగా గీత గీసుకోండి. కలరీమీటరే ఉంటే 470 ఫిల్టర్ చాలు. పది మిల్లీగ్రాముల ద్రావణం ఒక సెంటీమీటరు క్యువెట్ (కొలిచే చిన్న పాత్ర)లో 0.8 దరిదాపుల్లో చూపించాలి. బాగా తేడా ఉంటే తూకం మళ్ళీ చూసుకోండి.

గుండ్రటి పొరని కత్తెరతో నాలుగు ముక్కలు చేయండి. ఒక్కొక్క ముక్కని తూచి రాసుకోండి. ముందు డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు కడగండి, ఉపరితలం మీద మిగిలిన అలిక్వాట్ పోతుంది. తరవాత 100 మిల్లీలీటర్ల రంగు ద్రావణంలో ఒక ముక్క వేసి షేకర్ మీద పెట్టండి. ఇంకో ఫ్లాస్కులో పోలిక పొర ముక్క. మూడో ఫ్లాస్కులో ఉత్త రంగు, పొర లేకుండా. పావుగంటకి, అరగంటకి, గంటకి, ఆ తరవాత గంట గంటకి ఒకసారి కొద్దిగా తీసి కొలిచి మళ్ళీ అదే ఫ్లాస్కులో పోసేయండి.

కలరీమీటర్ దాకా పోకుండానే కంటికి తెలుస్తుంది. అలిక్వాట్ పొర నారింజ రంగు తాగుతూ ముదురుతుంది, ద్రావణం తేలిపోతుంది. మిథైల్ ఆరెంజ్ సల్ఫోనేట్, అంటే రుణ అయాన్. పైగా ఒళ్ళంతా బెంజీన్ వలయాలు. నీళ్ళలో ఉండటం దానికీ పెద్దగా ఇష్టం లేదు, కొవ్వు తోకల మధ్యకి వచ్చి కూర్చుంటుంది.

రెండో పరీక్ష దీనికన్నా అందంగా ఉంటుంది. మిథైల్ ఆరెంజ్ 5, మిథిలీన్ బ్లూ 5 మిల్లీగ్రాములు ఉండేలా ఒక లీటరు ద్రావణం చేయండి. పసుపు, నీలం కలిసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందులోంచి 100 మిల్లీలీటర్లలో కొత్త ముక్క వేసి తిప్పండి. మిథిలీన్ బ్లూ ధన అయాన్. పొరలో కూర్చున్నదీ ధన అయానే, కాబట్టి దానికి మారకం లేదు. పోను పోను ఆకుపచ్చ తగ్గి ద్రావణం నీలంగా మిగులుతుంది. మెంబ్రేన్‌తో "వేరు చేయడం" అంటే ఏమిటో జూనియర్లకి చూపించడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు కనబడలేదు. 464, 664 రెండు చోట్లా కొలిచి రెండు గీతలు ఒకే గ్రాఫ్ మీద గీయండి.

తొంభై తొమ్మిది శాతం రంగు పోయిందని రాసే ముందు

మీ ముక్కలో ఎంత అలిక్వాట్ ఉందో లెక్కేయండి. మొత్తం పొరలో 240 మిల్లీగ్రాములు, అణుభారం సుమారు 404, కాబట్టి 0.59 మిల్లీమోల్. నాలుగో వంతులో 0.15. ఇక 100 మిల్లీలీటర్ల ద్రావణంలో ఉన్న రంగు ఒక్క మిల్లీగ్రాము. అణుభారం 327, అంటే 0.003 మిల్లీమోల్. రంగు కన్నా అలిక్వాట్ దాదాపు 50 రెట్లు ఉంది. 50 ఖాళీ కుర్చీలు వేసి ఒక్కడిని పిలిచి, వచ్చి కూర్చున్నాడని చప్పట్లు కొట్టడంలో గొప్పేముంది? రంగు గాఢతని 50, 100, 200, 400 మిల్లీగ్రాములకి పెంచుకుంటూ పోయి, గ్రాము పొరకి ఎంత రంగు ఎక్కిందో చూడండి. ఎక్కడ ఆగిపోతుందో అదే పొర సత్తా. ఎక్కువ గాఢత ద్రావణాల్ని కొలిచేముందు పల్చన చేయాలి, లేకపోతే గీత వంగిపోతుంది.

ఎక్కిన రంగుని దించడం కూడా ప్రయత్నించండి. ఒక మోలార్ ఉప్పు నీళ్ళకి అంత తేలిగ్గా వదలదు. సోడియం నైట్రేట్ ద్రావణం దానికన్నా మెరుగు, ఎందుకంటే క్లోరైడ్ కన్నా నైట్రేట్‌కి పొరలోకి రావాలన్న యావ ఎక్కువ. ఇలా దించడం బాగా కుదిరే అయాన్లు కూడా ఉన్నాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో స్పాస్ కోలెవ్ బృందం ఇదే రకం పీవీసీ, అలిక్వాట్ పొరతో బంగారు గనుల వ్యర్థ జలాల్లోని థయోసైనేట్‌ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దాటించే పని చేసింది. ఒక గది లోపల వ్యర్థ జలం, మధ్యలో పొర, అవతలి గదిలో నైట్రేట్ ద్రావణం. మన మిథైల్ ఆరెంజ్ అంత మర్యాదగా దాటదు, లోపలే తిష్ట వేస్తుంది.

ఇక ఫ్లోరైడ్

సోడియం ఫ్లోరైడ్ 2.21 గ్రాములు లీటరులో కరిగిస్తే 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. అందులో 5 మిల్లీలీటర్లు తీసి లీటరు చేస్తే 5 మిల్లీగ్రాములు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరకనిచోట ఒకటిన్నర దాకా. మీ ద్రావణం దానికి మూడు రెట్ల పైనే. ఫ్లోరైడ్ ద్రావణాన్ని ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి. ఇంత తక్కువ గాఢతలో గాజుకి ఏమీ కాదు గానీ అలవాటు మంచిది. కొత్త పొర ముక్క వేసి, రాత్రంతా తిప్పి, కొలవండి.

కొలవడం దగ్గర జాగ్రత్త. చాలా కాలేజీల్లో స్పాడ్న్స్ రంగు పద్ధతి వాడతారు. కానీ స్పాడ్న్స్ కూడా సల్ఫోనేట్లు తగిలించుకున్న రుణ అయాన్ రంగే. పొరలోంచి కారిన అలిక్వాట్ నీళ్ళలో ఉంటే దాన్ని పట్టుకుని రంగు తగ్గించే అవకాశం ఉంది. స్పాడ్న్స్ పద్ధతిలో ఫ్లోరైడ్ కూడా రంగునే తగ్గిస్తుంది కాబట్టి మీ అంకె అటోఇటో జరుగుతుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే టిసాబ్ బఫర్ (పీహెచ్‌ని, అయాన్ల బలాన్ని నిలకడగా ఉంచే ద్రావణం) కలిపి దాంతో కొలవండి. లేకపోతే కనీసం ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో పొరని అంతే సేపు నానబెట్టి, ఆ నీళ్ళకి తెలిసినంత ఫ్లోరైడ్ కలిపి కొలిచి చూసుకోండి.

అంకె పెద్దగా మారదు. డిస్టిల్డ్ వాటర్‌లో అయితే పోటీ లేదు కాబట్టి కొద్దిగా తగ్గినట్టు కనిపించొచ్చు. అదే ఫ్లోరైడ్‌ని మీ ఊరి బోరు నీళ్ళలో చూడండి, ఆ కాస్త కూడా మాయమవుతుంది.

కారణం ఫ్లోరైడ్ ఒంటి తీరులో ఉంది. చిన్న అయాన్, ఛార్జి అంతా చిన్నచోట ముద్దగా ఉంటుంది. అందుకని చుట్టూ నీటి అణువుల్ని గట్టిగా కట్టేసుకుంటుంది. దాన్ని నీళ్ళలోంచి విడదీసి కొవ్వు పొరలోకి తేవాలంటే ఆ నీటి చొక్కా విప్పాలి. ఆ విప్పడానికి అయ్యే ఖర్చు ఫ్లోరైడ్‌కి మోల్‌కి సుమారు 465 కిలోజౌళ్ళు. క్లోరైడ్‌కి 340, నైట్రేట్‌కి 300, పర్‌క్లోరేట్‌కి 205. పొర దగ్గర క్యూ కట్టిస్తే ముందు పర్‌క్లోరేట్, తరవాత థయోసైనేట్, అయొడైడ్, నైట్రేట్, బ్రోమైడ్, క్లోరైడ్, అందరికన్నా చివర ఫ్లోరైడ్. 1888లో ప్రాగ్‌లో ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ గుడ్డు తెల్లసొన ప్రోటీన్ మీద రకరకాల ఉప్పులు ప్రయోగించి రాసిన వరుస కూడా ఈ బాపతే. మన పొరలో ముందే కూర్చున్నది క్లోరైడ్. తనకన్నా వెనక ఉన్నవాడికి అది లేచి చోటివ్వదు.

ఫ్లోరైడ్‌కి కావాల్సింది కొవ్వు కాదు, అల్యూమినియం, జిర్కోనియం, లాంథనం లాంటి లోహాలు. వాటితో ఫ్లోరైడ్ నేరుగా బంధం వేసుకుంటుంది. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో రూపొందించి మన జిల్లా పేరే పెట్టిన నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం వాడేది అందుకే. యాక్టివేటెడ్ అల్యూమినా కూడా ఆ కోవదే. "అయానిక్ లిక్విడ్ మెంబ్రేన్‌తో నల్గొండ ఫ్లోరైడ్ నివారణ" అని టైటిల్ పెట్టుకుని నా దగ్గరికి వచ్చే పిల్లలకి నేను చెప్పేది, టైటిల్ మార్చుకోండి అని. ఫ్లోరైడ్ పోలేదని చూపించి, ఎందుకు పోలేదో ఈ వరుసతో సహా రాసిన రిపోర్టుకి నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

పోచంపల్లి నీళ్ళు తెస్తామంటే

ఈ పొరకి మన చుట్టుపక్కల అసలైన పరీక్ష అద్దకం నీళ్ళు. పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయాయి గానీ నిన్నమొన్నటి దాకా మనవే. నూలుకి రబ్బరు పట్టీలతో చిటికి కట్టి, రంగులో ముంచి తీసే ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. నమూనా తెచ్చేముందు అద్దేవాళ్ళని కూర్చుని అడగండి: పట్టా, నూలా? ఏ రకం రంగు? సబ్బు కలిసిందా?

పట్టుకి వాడే ఆసిడ్ రంగులు రుణ అయాన్లు, పొరకి నచ్చుతాయి. నూలుకి వాడే రియాక్టివ్ రంగులూ అంతే, కానీ ఆ నీళ్ళలో ఉప్పు, సోడా దండిగా ఉంటాయి. ఉప్పులోని క్లోరైడ్ మారకాన్ని వెనక్కి నెడుతుంది. వ్యాట్ రంగులు గాలి తగలగానే కరగని రేణువులవుతాయి, వాటికి ఈ పొర అనవసరం, వడపోస్తే చాలు. అన్నిటికన్నా ఇబ్బంది సబ్బుతో. పట్టు జిగురు తీయడానికి సబ్బు, చాకలి సోడా వేసి ఉడికిస్తారు. సబ్బు కూడా కొవ్వు తోక ఉన్న రుణ అయానే. అలిక్వాట్‌కి అంతకన్నా మంచి జోడీ దొరకదు. రంగు రాకముందే కుర్చీలన్నీ సబ్బుతో నిండిపోతాయి. జిగురు తీసిన నీళ్ళు, రంగు తొట్టి నీళ్ళు వేర్వేరు సీసాల్లో తెచ్చుకోండి. మట్టి, పోగులు లేకుండా వడపోసి, పీహెచ్ రాసుకుని, సరిగ్గా ఎంత పల్చన చేశారో రాసుకుని మొదలుపెట్టండి.

కారడం, పారేయడం

ఈ పొరకి పెద్ద లోపం కారడం. అలిక్వాట్ పీవీసీలో చిక్కుకుని ఉందంతే, అతుక్కుని లేదు. పొడి ముక్కని తూచి, అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజంతా తిప్పి, తీసి బరువు మారనంత వరకు ఆరబెట్టి మళ్ళీ తూచండి. తగ్గినదంతా దాదాపు అలిక్వాటే. నైట్రోజన్‌కి నాలుగు కార్బన్ గుంపులు తగిలిన ఇలాంటి (క్వాటర్నరీ) అమ్మోనియం లవణాలు చేపలకి, నీటిలోని చిన్న జీవులకి విషం. అందుకని ఈ పొర తగిలిన నీళ్ళని ఎవరూ తాగకూడదు, పశువుకీ పెట్టకూడదు. "శుద్ధి చేసిన నీరు" అని పోస్టరు మీద రాయకండి.

అదే కారణంతో ఆ నీళ్ళు సింకులో పోయకండి, లేబుల్ వేసిన క్యాన్‌లో పోగేయండి. మిగిలిన టీహెచ్ఎఫ్ క్లోరిన్ లేని ద్రావకాల సీసాలోకి. ఆరు వేలెన్సీ క్రోమియంతో ప్రయోగాలు చేయాలనుకునేవాళ్ళు గైడు పక్కన ఉంటేనే చేయండి. అది క్యాన్సర్ తెచ్చే సరుకు. మిగిలిన ద్రావణాన్ని ఆమ్లంలో ఫెర్రస్ సల్ఫేట్‌తో మూడు వేలెన్సీకి దించి, సున్నంతో అవక్షేపం చేశాకే వ్యర్థాల డబ్బాలోకి. వాడిన పొరల్ని విడిగా సంచిలో కట్టి, కాలేజీ ప్రమాదకర వ్యర్థాలతో పాటు పంపించండి. చెత్తకుప్పలో వేసి అటెండరు చేత కాల్పించారంటే పీవీసీ మండి హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, ఆ పొగ పీల్చేది అగ్గిపుల్ల గీసిన ఆ అటెండరే.